కింది రెక్క

జగ్గయ్యపేట
జూలై 5, 1998

అమ్మాయ్ మణీ,

మీ అమ్మాయి విల్లు ఒక రూపానికి వచ్చింది. ఆలస్యమైందని బావ నీ మీద విసుక్కుంటూ ఉంటాడు, అందుకే ముందు ఈ ఉత్తరం.

కర్ర దొరకలేదు. ఎడ్లబళ్లు పోయాక కాడికీ బండికీ మధ్య ఉండే నొగలకి చరచి కర్ర కొనే రైతు లేడు, కలప అడితీవాళ్లు తెప్పించడమే మానేశారు. చివరికి గరికపాడు చెక్‌పోస్టు దాటాక ఒక దాబా వెనకాల పాత బండి పడి ఉందని లారీ డ్రైవరొకడు చెప్తే వెళ్లి చూశా. నొగ ఎండకీ వానకీ తట్టుకుని రాయిలా ఉంది. అడిగి తెచ్చుకున్నా. దాన్ని పోగు వెంబడి చీల్చి, బాడిసతో చెక్కి, చిత్రిక పట్టి, గాజుపెంకుతో గీకేసరికి నెల గడిచింది.

సెలవులకి వచ్చినప్పుడు క్రిస్టీ దగ్గరుండి చూసింది గదా, నీకు చెప్పే ఉంటుంది. పిడికి పైన ఒక రెక్క, కింద ఒక రెక్క. రెండు రెక్కల చివర్లూ ముందుకి వంపు తిరగాలి. ఆ చివర్లకి ఆముదం రాసి బొగ్గుల సెగకి ఎత్తుగా పట్టుకుని తిప్పుతూ కాచాలి. చెయ్యి ఆనించలేనంత వేడెక్కాక దిమ్మకి అదిమి వంచి బిగించాలి. తొందరపడితే చిట్లుతుంది. ఆలోచిస్తూ నిలబడితే చల్లారి మొరాయిస్తుంది. మీ అమ్మాయి పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతూ, "అమ్మో, ఇంత గట్టి కర్ర అప్పడంలా వంగింది మావయ్యా" అని ఒకటే ఆశ్చర్యపోయింది.

వంచిన రెక్కలు చల్లారాక కూడా కొన్నాళ్లు కట్టులోనే ఉండాలి. నిప్పు తగిలిన కర్ర ఎండిపోయి ఉంటుంది. గాలిలో తేమ మళ్లీ తాగేదాకా తాడెక్కించి లాగితే గాజులా పగులుతుంది. అందుకే ఈ ఆలస్యం. కిందటేటి విల్లుకన్నా బరువుగా లాగేలా చెయ్యమని బావ మరీ మరీ చెప్పాడు, అలాగే చేశా.

మన చర్చి ప్రేమానందం విజయవాడ బస్సు నడుపుతున్నాడు. అతని చేతికిచ్చి పంపుతా. మీ వదిన ఆరోగ్యమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.

డేవిడ్‌రాజు


నందిగామ
ఆగస్టు 23, 1998

అన్నయ్యకూ వదినకూ వందనాలు.

విల్లు చూసి క్రిస్టీ ఆ రోజంతా అన్నం సంగతే మర్చిపోయింది. తేనెరంగు, ఆ నునుపు, ఆ వంపు! మా స్కూల్లో సోషల్ చెప్పే నాకే దాన్ని పట్టుకుని అద్దంలో చూసుకోవాలనిపించింది. బందరులో జిల్లా పోటీల్లో మనమ్మాయే ఫస్టు. మా స్కూలు డ్రిల్లు మాస్టారు, అదే వాళ్ల నాన్న, గ్రౌండ్‌లో ఈల నోట్లోంచి తీయకుండానే ఏడ్చారు. డిసెంబరులో రాష్ట్ర జట్టు ఎంపికలున్నాయి. అందులో నెగ్గితే కాలేజీలో క్రీడల కోటాలో సీటు దానంతట అదే వస్తుందని ఆయన ధీమా. పొద్దునా సాయంత్రం సాధన చేయిస్తున్నారు.

ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోకు. విజయవాడలో భవానీప్రసాద్ గారని పిల్లలకి విలువిద్య నేర్పే ఆయన ఉన్నారు. బందరులో రెండోస్థానం వచ్చింది వాళ్ల పిల్లకే. ఆయన స్కూటరు నీ షెడ్డు ముందు ఉండగా చూశానని ఈయన స్నేహితుడొకరు చెప్పారట. "మీ అన్న దగ్గర ఆయనకేం పని?" అని రెండుసార్లు అడిగారు. నాకు తెలియదన్నా. నిజంగానే తెలియదు గదా.

నీకు వీలున్నప్పుడు రాయి. బూత్ నుంచి ఫోన్ చెయ్యొద్దు. వెనక నిలబడ్డవాళ్లంతా మన ఇంటి సంగతులు విని పోతారు.

దేవమణి


జగ్గయ్యపేట
సెప్టెంబరు 2, 1998

మణీ,

క్రిస్టీ గెలిచిందని చదివి మీ వదిన వీధిలో మిఠాయి పంచింది. సంతోషం.

వడ్రంగి షెడ్డుకి తలుపులుండవు. స్కూటర్లు వస్తాయి, ట్రాక్టర్లు వస్తాయి, మంచం కోడు విరిగినవాళ్లూ వస్తారు. ఎవరెవరు వచ్చారో బావకి లెక్క చెప్పాలని నాకు తెలియదు.

విల్లు వాడనప్పుడు తాడు దించి పెట్టమను. బాణం లేకుండా ఉత్తినే లాగి వదలొద్దను.

డేవిడ్‌రాజు


నందిగామ
అక్టోబరు 17, 1998

అన్నయ్యా,

విల్లు విరిగింది.

గురువారం సాయంత్రం, గ్రౌండ్‌లో, తొలి బాణానికే. క్రిస్టీ తాడు గడ్డం దాకా లాగింది. ఫట్‌మని కింది రెక్క మధ్యకి తెగింది. తాడుకి వేలాడుతూ ఆ ముక్క ఎగిరొచ్చి పిల్ల బుగ్గ మీద కొట్టింది. కంటికి కాస్త కిందగా. నేను ఎనిమిదో తరగతిలో పాఠం చెబుతున్నా. పిల్లలు అరుచుకుంటూ వస్తే పరుగెత్తా. ఓణీ అంతా రక్తం. కుట్లు పడ్డాయి. కంటికేం కాలేదని డాక్టరు గారు చెప్పేదాకా నాకు ఒంటి మీద స్పృహ లేదు.

ఇంటికొచ్చాక ఆయన అన్నారు: "బండికి నొగలు రెండుంటాయి గదా మణీ. ఒకటి మనకిచ్చాడు మీ అన్న. రెండోది ఎవరికిచ్చాడో అడుగు."

నీ జూలై ఉత్తరం తీసి మళ్లీ చదివా. నొగ అని ఒకటే రాశావు. రెండోదాని ఊసే లేదు. స్కూటరు సంగతి అడిగితే తలుపుల్లేని షెడ్డు కథ చెప్పావు. నిన్న ఈయన కనుక్కొచ్చారు. భవానీప్రసాద్ గారి దగ్గర పిల్ల చేతిలో అదే తేనెరంగు విల్లు, అదే వంపు. అది విరగలేదు.

నువ్వు కావాలని చేశావని నేననను. నిజం చెప్పు. ఏ నొగ మంచిది, ఏ నొగ పుచ్చుది? ఎవరికేది ఇచ్చావు?

దేవమణి


జగ్గయ్యపేట
అక్టోబరు 21, 1998

మణీ,

పిల్లకి తగిలిన సంగతి నాలుగు రోజుల తర్వాత ఉత్తరంలో చదివి తెలుసుకున్నా. ప్రేమానందం రోజూ మీ ఊరి మీదుగానే పోతాడు. ఒక్క కబురు పెట్టలేకపోయావు. సరే.

అవును, నొగలు రెండు. రెండోదానితో భవానీప్రసాద్ గారికి విల్లు చేసిచ్చా. బావతో చెబితే అది బడి గొడవలా గాక ఇంటి గొడవవుతుందని చెప్పలేదు. ఎవరికీ పుచ్చు కర్ర ఇవ్వలేదు. రెంటిలో పోగు తిన్నగా ఉన్నది ఏరి మన పిల్లకి పెట్టా. దానికి నా నోటి మాట తప్ప ఋజువు లేదు. నువ్వు చిన్నప్పుడు నా నోటి మాటకి ఋజువు అడిగేదానివి కాదు.

విరిగిన ముక్కలు రెండూ పంపు. కర్ర ఎందుకు విరిగిందో విరిగినచోట చూస్తే ఎంతో కొంత తెలుస్తుంది. పంపడం కుదరకపోతే ఆదివారం ఆరాధన అయ్యాక నేనే వస్తా. క్రిస్టీని కూడా చూసినట్టుంటుంది.

డేవిడ్‌రాజు


నందిగామ
అక్టోబరు 26, 1998

అన్నయ్యా,

నిన్న రావద్దని ప్రేమానందంతో కబురు చేసింది నేనే. ఆయన కాదు. వస్తే గుమ్మంలోనే గొడవయ్యేది.

ముక్కలు పంపనన్నారు. స్కూల్లో ఆటసామాన్ల గదిలో పెట్టి తాళం వేశారు. "వాడి చేతికి వెళితే చిత్రిక పట్టి తప్పు చెరిపేస్తాడు. డీఈఓ గారు అడిగితే చూపించాలి" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. అయినా నొగ సంగతి నువ్వు దాచాక నీ తరఫున ఏమని వాదించను?

క్రిస్టీ ఎవరితోనూ మాట్లాడటం లేదు. నీ పేరెత్తితే లేచి గదిలోకి పోతుంది. మావయ్య మీద కోపమా అంటే తలుపేసుకుంటుంది. నువ్వంటే ప్రాణం పెట్టే పిల్ల. దాని మనసు అంతగా విరిగిపోయిందంటే మాకు తెలియనిదేదో దానికి తెలుసునేమోనని భయంగా ఉంది. సెలవుల్లో నీ షెడ్డులో అదేమన్నా చూసిందా?

ఈయన వేరే విల్లు ఎరువు తెచ్చారు. బుగ్గ మీద పట్టీ తీయకముందే సాధన మొదలు.

దేవమణి


జగ్గయ్యపేట
నవంబరు 8, 1998

మణీ,

నువ్వు కోప్పడతావు. పడు.

ఇవాళ ఆదివారం, బడి సెలవని తెలిసే మీ ఊరొచ్చా. అటెండర్ శాంతయ్య నాకు పాతికేళ్లుగా తెలుసు. వాళ్ల అమ్మాయి పెళ్లికి మంచం చేసిచ్చింది నేనే. ఆటసామాన్ల గది తీయమంటే మొదట బెదిరాడు, తర్వాత తీసి బయట నిలబడ్డాడు. దొంగతనమే. కాదనను.

కింది రెక్క ముక్క తెచ్చుకున్నా. ఇప్పుడు నా ముందే ఉంది.

పోగు తిన్నగానే ఉంది. పుచ్చు లేదు, ముడి లేదు. కానీ లోపలివైపు, అంటే లాగేవాళ్ల ముఖం వైపు, మధ్యలో వార్నిష్ కింద కర్ర నల్లగా మాడి ఉంది. మణీ, నేను చివర్లు తప్ప మధ్య ఎక్కడా నిప్పుకి పెట్టలేదు. ఆ మాడినచోటే తెగింది. పైన వార్నిష్ కొత్తగా పూశారు. అది నా వార్నిష్ కాదు, కుర్చీలకి పూసే రకం. నా దగ్గర్నించి పోయాక ఎవరో ఈ విల్లుని సెగకి కాచి, రంగు పూసి కప్పిపెట్టారు. కాచిన కర్రని ఆగకుండా లాగితే ఏమవుతుందో ముందే రాశా.

ఆ ఎవరో మీ ఇంట్లోనే ఉన్నారు. సెగ తగిలితే కర్ర గట్టిపడి లాగుడు బరువు పెరుగుతుందని బావకి ఒకసారి నేనే చెప్పా. డిసెంబరు పోటీలకి బాణం ఇంకా దూరం పోవాలని ఆయన తాపత్రయం. చేసింది ఆయన. పిల్ల ముఖం పగిలాక తప్పు నా మీదికి నెట్టాడు. ముక్కలకి తాళం ఎందుకేశాడో ఇప్పుడు అర్థమైందా?

ఈ ఉత్తరం ఆయనకి చూపిస్తావో, పొయ్యిలో పెడతావో నీ ఇష్టం.

డేవిడ్‌రాజు


నందిగామ
నవంబరు 16, 1998

అన్నయ్యా,

శాంతయ్య సోమవారమే ఆయనతో చెప్పేశాడు. పాపం, ఉద్యోగ భయం. ఆయన ఇంటికొచ్చి, "మీ అన్న గోడ దూకలేదు, అదొక్కటే తక్కువ. సాక్ష్యం ఎత్తుకుపోయాడు. ఇక దాని మీద ఏ మచ్చ కావాలంటే ఆ మచ్చ పెట్టుకుంటాడు" అన్నారు. నీ ఉత్తరం అప్పటికి రాలేదు. అన్నయ్యా, ఆయన మచ్చ అన్నారు. మచ్చ ఉందని ఎలా తెలుసు? ఊరికే అన్నారా, చూసి అన్నారా? అప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

నీకు ఒక సంగతి దాచా. విల్లు విరగడానికి ముందురోజు స్త్రీల ప్రార్థన కూటం నుంచి ఇంటికొచ్చేసరికి పెరట్లో ఇనప కుంపటి కడిగి బోర్లించి ఉంది. మొక్కజొన్న పొత్తులు కాల్చుకునే కుంపటి. చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉంది. ఆయన వరండాలో పేపరు చదువుకుంటున్నారు. "పొత్తులు కాల్చుకున్నారా?" అంటే, "లేదే" అన్నారు. తలెత్తకుండానే. అప్పుడు పట్టించుకోలేదు. విల్లు విరిగాక పట్టించుకున్నా, కానీ నీకు రాయలేదు. రాస్తే ఆయన్ని నీ చేతికిచ్చినట్టవుతుందని. నీ నల్లమచ్చ గురించి చదివాక దాచి ఏం లాభం?

పదిహేడేళ్ల కాపురంలో మొదటిసారి ఆయన చేతులు చూస్తున్నా. గోళ్లల్లో మసి ఉందా, చొక్కాకి వార్నిష్ వాసన ఉందా అని. స్టాఫ్‌రూంలో ఎవరితో నవ్వినా, ఎందుకు నవ్వారా అనిపిస్తోంది. స్కూలు బెంచీలకి వార్నిష్ వేయించింది ఆయనే. ఆ డబ్బా ఆటసామాన్ల గదిలోనే ఉంటుంది. ఆయన కూడా నన్ను చూస్తున్నారు. నిన్న పోస్ట్‌మ్యాన్ వచ్చినప్పుడు నాకన్నా ముందు గేటు దగ్గరికెళ్లారు.

ఏం చెయ్యమంటావు?

దేవమణి


జగ్గయ్యపేట
నవంబరు 20, 1998

మణీ,

అడిగెయ్. సూటిగా అడుగు. ఒప్పుకుంటే మంచిది. బుకాయిస్తే పిల్లని తీసుకుని ఇక్కడికొచ్చెయ్. ఇక్కడ బడులు లేవా?

ఇంకో మాట. ఇది నా మాట కాదు. నీ ఉత్తరాలన్నీ మీ వదినకి చదివి వినిపిస్తా గదా. మొన్నటిది విని చాట కిందపెట్టి, "మీ అన్నాచెల్లెళ్లు ఆయన్ని బోనులో నిలబెట్టారు. ఆయన నిన్ను నిలబెట్టాడు. దెబ్బ తగిలినదాన్ని ఎవరైనా అడిగారా?" అంది. పిల్లకేం తెలుస్తుంది అన్నా. "విల్లు ఎవరి చేతిలో ఉంటుంది? మంచంలో ఎవరి పక్కన ఉంటుంది?" అంది. రాయమని పట్టుబట్టింది గనక రాస్తున్నా. నా అనుమానం మాత్రం మారలేదు.

డేవిడ్‌రాజు


నందిగామ
డిసెంబరు 1, 1998

అన్నయ్యా,

వదినకి ముందు చెప్పు. ఆమె అడిగిన ప్రశ్నే సరైంది.

ఆదివారం ఆరాధనకి బయల్దేరుతుంటే క్రిస్టీ దువ్వెన తెచ్చి నా ముందు కూర్చుంది. "జడ వెయ్యమ్మా" అంది. ఏడో తరగతి నుంచి అది నన్ను జడ ముట్టుకోనివ్వలేదు. ఈమధ్య రోజూ వేయించుకుంటోంది. గాయం వల్ల గారాబమనుకున్నా. ఆ రోజు నీ ఉత్తరం మనసులో ఉంది. దువ్వెన చేతికిచ్చి, "నువ్వే వేసుకో" అన్నా. తీసుకుంది. కుడిచెయ్యి భుజం దాకా ఎత్తింది. అక్కడ ఆగిపోయింది. ఎడంచేత్తో ఆ మోచేతిని పైకి తోసుకోబోయి పెదవి కొరుక్కుంది.

చర్చికి వెళ్లలేదు. తలుపేసి కూర్చోబెట్టి అడిగా. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు.

బందరు పోటీల తర్వాతే భుజం నొప్పి మొదలైందట. కొత్త విల్లు బరువు. లాగిన ప్రతిసారీ లోపల ఏదో చీరినట్టుండేదట. ఒకసారి వాళ్ల నాన్నతో, "చెయ్యి లాగేస్తోంది నాన్నా" అందట. "అలవాటవుతుందిలే, డిసెంబరు దాకా ఓర్చుకో" అన్నారట. మళ్లీ అనలేదు. ఎందుకనలేదే అంటే, "నాన్న నన్ను చూసి ఏడ్చాడమ్మా బందరులో. ఇంకెవరిని చూసీ అలా ఏడవలేదు" అంది.

కుంపటి రాజేసింది అదే. నేను ప్రార్థనకి వెళ్లాక, వాళ్ల నాన్న బజారు నుంచి రాకముందు. "మావయ్య నిప్పు మీద పెడితే కర్ర మెత్తబడి వంగింది గదా. ఇదీ మెత్తబడితే తేలిగ్గా లాగొచ్చనుకున్నా. నల్లబడిపోయింది. భయమేసి స్కూలు నుంచి వార్నిష్ తెచ్చి పూశా." మర్నాడే విరిగింది. అందరం నిన్ను తిట్టుకుంటుంటే అది గదిలో తలుపేసుకుంది నీ మీద కోపంతో కాదు.

సాయంత్రం ఆయనకి చెప్పా. నమ్మారనుకుంటున్నావా? నన్నే చూస్తూ, "ఈ పాఠం మీ అన్న నేర్పాడా? పోస్టులో వచ్చిందా?" అన్నారు. క్రిస్టీని పిలిచా.

"నీ చెయ్యి పైకెత్తు" అన్నారు.

ఎత్తింది. భుజం దగ్గర ఆగింది.

"ఇంకా."

"రాదు నాన్నా."

నటిస్తోందేమో అన్నట్టు ఆయనే మోచేతి కింద చెయ్యి పెట్టి పైకి లేపారు. అది పెట్టిన కేకకి పక్కింటి భారతీదేవి గారు గోడ మీంచి తొంగిచూశారు. ఆయన చెయ్యి తీసేసి పెరట్లోకి పోయారు. వెళ్లి చూస్తే కుంపటి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు. "మచ్చ సంగతి మీకెలా తెలుసు?" అని అడిగేశా, ఇక దాచుకోలేక. "నాకేం తెలుసు? మచ్చ అనే మాట నోటికొచ్చింది" అన్నారు. అంతే అన్నయ్యా. ఆ ఒక్క మాట మీద నేను ఆయన గోళ్లు వెతికా.

నిన్న విజయవాడలో ఎముకల డాక్టరుకి చూపించాం. భుజంలో కండరం చిరిగిందట. చెయ్యి పట్టీలో వేశారు. ఏడాది దాకా విల్లు ముట్టుకోకూడదు. ఆ తర్వాత కూడా చెప్పలేనన్నారు. విల్లు విరిగాక కూడా ఎరువు విల్లుతో అయిదువారాలు లాగించాం గదా అని ఆయన బస్సులో దారి పొడుగునా అదే మాట. ఎంపికలు పోయాయి. దాని గురించి ఎవరమూ మాట్లాడటం లేదు.

దేవమణి


జగ్గయ్యపేట
డిసెంబరు 15, 1998

మణీ,

బావ వచ్చాడు. నీకు చెప్పి వచ్చాడో లేదో తెలియదు. అందుకే రాస్తున్నా.

ముక్త్యాల నుంచి వచ్చిన దూలాలు కూలీలు దింపుతుంటే నేను ఒక విల్లు రెక్క కాస్తున్నా. తలెత్తేసరికి షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. దుప్పటిలో చుట్టి పై రెక్క ముక్క తెచ్చాడు. "రెండోది కూడా నీ దగ్గరే ఉండనీ" అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కాచిన రెక్కని దిమ్మ మీద వంచే పని సగంలో ఉంది. అది ఆగదు. "బావా, ఆ బిగింపు పట్టుకో" అన్నా. పట్టుకున్నాడు. నేను వంచా, ఆయన బిగించాడు. ఇద్దరికీ చెమటలు పట్టాయి. అప్పుడు బావ అడిగాడు.

"నిప్పుకి పెడితే మెత్తబడుతుందనుకుందట పిల్ల. నిజమేనా డేవిడ్?"

చెప్పాలా వద్దా అనుకున్నా. అబద్ధం చెప్పలేకపోయా. వేడిగా ఉన్నంతసేపే మెత్తన. చల్లారాక ముందుకన్నా గట్టిపడుతుంది. ఆ గురువారం పిల్ల లాగింది ముందుకన్నా బరువైన విల్లుని. తేలికవుతుందని ఆశపడి లాగింది.

బావ బిగింపు వదల్లేదు. ముఖం మాత్రం అటు తిప్పుకున్నాడు. మీ వదిన మజ్జిగ తెచ్చి ఆయన పక్కన పెట్టి వెళ్లిపోయింది.

వెళ్లేటప్పుడు, "నిన్ను దొంగనన్నా" అన్నాడు. "దొంగతనం చేశా గదా" అన్నా. "నేనూ నిన్ను అంతకన్నా పెద్ద మాటే అన్నా. మణికి రాసిన ఉత్తరంలో ఉంది, అడిగి చదువుకో" అన్నా. "చదివా" అన్నాడు. నువ్వు చూపించావో, ఆయనే తీశాడో అడగలేదు. ఇక ఆ లెక్కలు వద్దు.

ఆయన విల్లు బరువు పెంచమన్నాడు. నేను పెంచా. లాగేది పద్నాలుగేళ్ల పిల్ల అని ఇద్దరం మాట్లాడుకోలేదు. షెడ్డులో దాన్ని పక్కన పెట్టుకుని కూడా ఒక్కసారి లాగి చూడమనలేదు.

నువ్వు కూడా నమ్మావా మణీ, అని ఒక మాట అడుగుదామని చాలాసార్లు కాగితం తీశా. అడగను.

డేవిడ్‌రాజు


నందిగామ
ఫిబ్రవరి 21, 1999

అన్నయ్యకూ వదినకూ,

అడగనన్నావు. అయినా చెబుతా. నమ్మా. నెలరోజులు నమ్మా. ఆయనతో రోజూ ఒకే ఇంట్లో అన్నం తినాలి. నువ్వు ఉత్తరాల్లో ఉంటావు. ఉత్తరంలో ఉన్నవాణ్ణి అనుమానించడం తేలిక. ఎదురుగా ఉన్నాయన్ని అనుమానించడం మొదలుపెట్టాకగానీ అదెంత నరకమో తెలియలేదు. నువ్వు కోపం ఉంచుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఈస్టరుకి మాత్రం ఇద్దరూ రావాలి.

క్రిస్టీ చేతికి పట్టీ తీశారు. జడ వేసుకుంటోంది, అలిసిపోతే మధ్యలో నాకిస్తుంది. మళ్లీ విల్లు పడతావా అని నేనడగలేదు, ఆయనా అడగలేదు. మావయ్య నా మీద కోపంగా ఉన్నాడా అంటుంది. ఉత్తరం రాసి నువ్వే కనుక్కో అన్నా. రాసి చించేస్తోంది. ఎప్పుడో ఒకటి చించకుండా పంపుతుంది.

వచ్చే శనివారం ఆయన అయిదుగురు పిల్లల్ని నీ షెడ్డుకి తీసుకొస్తున్నారు. కొత్త విళ్లు కావాలి. ఎంత బరువు పెట్టాలో ఆయన్ని అడగకు. ఆయనా చెప్పరట. నీ దగ్గరున్నవన్నీ పిల్లల చేతికిచ్చి లాగనివ్వు. లాగేటప్పుడు విల్లు వంపు చూసుకుంటావుగా, ఈసారి ముఖాలు కూడా చూడు.

ఈ అయిదుగురు ఎలా తేలారో చెబుతా.

సోమవారం సాయంత్రం నాకు క్లాసు లేదు. వరండాలోంచి చూస్తున్నా. ఆయన పిల్లల్ని వరసగా నిలబెట్టి, "ఎవరికైనా చెయ్యి నొప్పి, భుజం నొప్పి ఉంటే చెయ్యెత్తండి" అన్నారు. ఒక్క చెయ్యి లేవలేదు. "ఏమీ అననమ్మా, చెప్పండి" అన్నారు. పిల్లలు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఇదేదో పరీక్ష, చెయ్యెత్తినదాన్ని జట్టులోంచి తీసేస్తారని వాళ్ల అనుమానం. అందరూ "లేదు సార్" అన్నారు. ఆయన ముఖం చూడలేకపోయా. మన పిల్ల కూడా అలాగే అని ఉంటుంది గదా.

క్రిస్టీ బాణాలు ఏరడానికి అక్కడే ఉంది. ఆయన దగ్గరికెళ్లి, "మీరుంటే ఎవ్వరూ చెప్పరు నాన్నా. అటు వెళ్లండి" అంది.

ఆయన ఈల జేబులో పెట్టుకుని గ్రౌండ్ చివరికి, ప్రహరీ దాకా నడుచుకుంటూ వెళ్లారు. అక్కడ గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

క్రిస్టీ ఏదో చెప్పింది. బుగ్గ మీది గీత చూపించింది. భుజం చూపించింది. ముందు చివరనున్న చిన్నపిల్ల చెయ్యి లేచింది. తర్వాత ఇంకోటి. అలా అయిదు చేతులు.

ఆయన గోడ వైపే తిరిగి ఉన్నారు. వెనక ఏం జరుగుతోందో ఒక్కసారి కూడా చూడలేదు. క్రిస్టీ "నాన్నా, ఇక రండి" అని గట్టిగా కేకేసేదాకా అక్కడే నిలబడి ఉన్నారు.

నీ చెల్లి
దేవమణి